పద్నాలుగు గూడేలు, ఎనిమిది రోజులు

ప్రశ్న:

నమస్తే మేడమ్. నేను తెలంగాణ ఏజెన్సీలో ఏఎన్ఎంని, అంటే సబ్ సెంటర్ నర్సుని. ఎనిమిదేళ్లుగా కాంట్రాక్టు మీదే చేస్తున్నాను. మా సబ్ సెంటర్ జనాభా 3,300. పక్క సబ్ సెంటర్ ఏఎన్ఎం బదిలీ మీద వెళ్లి పదకొండు నెలలైంది. అక్కడి 3,800 మందికీ నన్నే ఇన్‌చార్జి వేశారు. రెండూ కలిపి పద్నాలుగు గూడేలు. వాటిలో మూడు గొత్తికోయ (ఛత్తీస్‌గఢ్ నుంచి వలస వచ్చిన ఆదివాసుల) గుంపులు, వాళ్లు ఈ జనాభాలో లేనే లేరు. పోయిన నెల పక్క సెంటర్ గూడెంలో పదమూడు నెలల బాబుకి తట్టు వచ్చింది. వాడికి తొమ్మిదో నెల ఎంఆర్ (తట్టు, రూబెల్లా) టీకా పడలేదు. ఆ నెల వాగు పొంగి నేను వెళ్లలేకపోయాను. తర్వాత రెండుసార్లు వెళ్తే వాళ్లు పత్తి ఏరడానికి పోయారు. బాబు కోలుకున్నాడు. కానీ రివ్యూ మీటింగ్‌లో నన్ను అందరి ముందూ నిలబెట్టి "జీతం ఊరికే ఇస్తున్నామా" అన్నారు. అసలు ఒక నర్సుకి ఎంతమంది పిల్లలు ఉండాలి? ఆ లెక్క ఎక్కడైనా రాసి ఉందా? పోస్టు నింపమని రాసిద్దామంటే రెన్యువల్ ఆపేస్తారని మా ఆయన భయపడుతున్నాడు. రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. మానేద్దామనిపిస్తోంది.

— ఒక ఏఎన్ఎం

సమాధానం:

చెల్లీ, నిన్ను "మీరు" అంటే నాకే కొత్తగా ఉంటుంది. ముప్పై ఏళ్లపైన ఇదే పని చేసి, హెల్త్ సూపర్‌వైజర్‌గా దిగిపోయినదాన్ని. నువ్వనే అంటాను, ఏమీ అనుకోకు.

ముందు ఆ బాబు సంగతి. తట్టు వచ్చి తగ్గింది కదా, ఇక ఆ సూది ఎందుకని వాళ్ల నాయనమ్మ అంటుంది. మన వాళ్లలోనూ కొందరు అంటారు. వినకు. అందులో తట్టు ఒక్కటే కాదు, రూబెల్లా కూడా ఉంది. ఐదేళ్లు నిండేదాకా వేయొచ్చు, వేసెయ్. జబ్బు ఉన్నప్పుడు విటమిన్ ఎ వరసగా రెండు రోజులు పట్టారో లేదో కనుక్కో. ఆ గూడెంలో, ఆ పక్క గుంపులో జ్వరంతో దద్దుర్లు ఇంకెవరికైనా ఉన్నాయేమో ఆశాతో ఇల్లిల్లూ అడిగించు. ఉన్నా లేకపోయినా ఆ మాట పీహెచ్‌సీకి కాగితం మీద ఇవ్వు. తట్టు ఒక్కడి దగ్గర ఆగే జబ్బు కాదని నీకు నేను చెప్పక్కర్లేదు.

ఇక లెక్క. రాసే ఉంది. మైదానంలో 5,000 మందికి, కొండ ప్రాంతాల్లో, గిరిజన ప్రాంతాల్లో 3,000 మందికి ఒక సబ్ సెంటర్. అంతకు ముందు 1973లో కర్తార్ సింగ్ కమిటీ 3,000 నుంచి 3,500 మందికి ఒక సబ్ సెంటర్ అని, అందులో ఒక ఆడ కార్యకర్త, ఒక మగ కార్యకర్త ఉండాలని చెప్పింది. ఆ మగ కార్యకర్త నీ సెంటర్‌లో ఉన్నాడా? నేను చేసిన చాలా చోట్ల ఆ కుర్చీ కూడా లేదు. 2022లో కేంద్రం సవరించిన ఐపీహెచ్ఎస్ (ప్రభుత్వ ఆసుపత్రుల) ప్రమాణాల ప్రకారమైతే సబ్ సెంటర్‌కి ఒక సీహెచ్‌వో (కమ్యూనిటీ హెల్త్ ఆఫీసర్), అంటే మనం ఎంఎల్‌హెచ్‌పీ అని పిలిచేవాళ్లు, వాళ్లతో పాటు ఇద్దరు ఆరోగ్య కార్యకర్తలు ఉండాలి. నువ్వు ఏజెన్సీలో ఒక్కదానివే 7,100 మందిని చూస్తున్నావు, గొత్తికోయ గుంపులు కాక. ఏ కాగితం ముందు పెట్టినా ఇద్దరి పనికి మించే చేస్తున్నావు.

అయితే ఈ కాగితాల్లో ఒక చిక్కుంది. అవి జనాభాని లెక్కబెడతాయి, పిల్లల్ని కాదు. ఇంగ్లాండ్‌లో పసిపిల్లల ఇళ్లకి వెళ్లే నర్సుల్ని హెల్త్ విజిటర్లంటారు. ఒకరి చేతికింద ఐదేళ్లలోపు పిల్లలు సగటున 250 దాటకూడదని, పేదరికం ఎక్కువున్న పేటల్లో ఇంకా తగ్గించాలని వాళ్ల సంఘాలు ఏళ్ల తరబడి అడుగుతున్నాయి. అక్కడా అది అమలవుతోందని కాదు, అడగడానికి ఒక అంకె ఉంది. నీకెంతమందో వేసి చూద్దాం. వెయ్యికి 17 కాన్పులనుకున్నా 7,100 మందిలో ఏడాదికి 120 మంది పుడతారు. ఐదేళ్లలోపు వాళ్లు దగ్గర దగ్గర 600. పైగా వాళ్ల హెల్త్ విజిటర్‌కి మలేరియా రక్తపూతలు తీసే పని లేదు.

ఆగు. ఈ అంకె పట్టుకుని రేపే ఆఫీసుకి పరిగెత్తకు, ఓడిపోతావు. వాళ్ల దగ్గరా ఒక లెక్క ఉంటుంది. పుట్టిన బిడ్డకి ఆరు వారాలు, పది, పద్నాలుగు, తొమ్మిదో నెల, తర్వాత పదహారో నెల దాటాక ఒకటి. ఐదు సార్లు. 120 ని ఐదుతో హెచ్చిస్తే 600. టీకాలు వేసే బుధవారాలు, శనివారాలు కలిపి ఏడాదికి వంద రోజులు పైనే. అంటే రోజుకి ఆరుగురు. "ఆరుగురు పిల్లలకి సూది వేయడానికి ఇంత ఏడుపా?" అంటారు. ఏసీ గదిలో కూర్చుంటే ఆ భాగహారం తప్పులా కనిపించదు.

తప్పు ఎక్కడుందంటే, ఆ ఆరుగురు ఒకచోట లేరు. పద్నాలుగు గూడేలు. ప్రతి గూడేనికి నెలకొక్కసారి టీకా రోజు ఉండాలి. నెలలో బుధ, శనివారాలు ఎనిమిది, మహా అయితే తొమ్మిది. రివ్యూ మీటింగ్ ఒకదాన్ని మింగేస్తుంది, వానాకాలం వాగు ఇంకొకదాన్ని మింగుతుంది. అవేవీ పోలేదనుకున్నా పద్నాలుగు చోట్లకి ఎనిమిది రోజులు. నువ్వు ఎంత పరిగెత్తినా నెలకి ఆరు గూడేలు మిగిలిపోతాయి. ఆ బాబు ఉన్న గూడెం ఆ ఆరింటిలో పడింది, అంతే. చెల్లీ, నువ్వు మోయాల్సిన లెక్క ఇదొక్కటే. తలకాయల లెక్క వదిలెయ్, రోజుల లెక్క పట్టుకో. దాంతో వాదించడం ఎవరికైనా కష్టం.

ఆ ఒక్క రోజులో ఏముంటుందో కూడా రాయాలి. ఈ సమాధానం చదివే మిగతా వాళ్ల కోసం చెబుతున్నాను, నీకు తెలిసిందే. పొద్దున్నే పీహెచ్‌సీకి పోయి క్యారియర్ తీసుకోవాలి. ఐస్‌ప్యాక్ ఫ్రీజర్లోంచి తీసి నేరుగా పెడితే పెంటావాలెంట్ (ఐదు జబ్బుల టీకా) గడ్డకట్టి పనికిరాకుండా పోతుంది. చెవి దగ్గర పెట్టి ఊపితే లోపల నీళ్ల చప్పుడు వినిపించేదాకా ఆగాలి. బండి వాగు దాకా. అక్కడినుంచి క్యారియర్ భుజాన వేసుకుని నడక. గూడెం చేరేసరికి పదకొండు. ఆశా పిలుచుకొచ్చిన తల్లులు ఇప్పచెట్టు కింద కూర్చుని ఉంటారు, ఇద్దరు చేలోకి పోయి ఉంటారు. ఆరు వారాల బిడ్డని ఒళ్లోకి తీసుకుంటే నోట్లోకి రెండు రకాల చుక్కలు, మూడు సూదులు: కుడిచేతికి ఒకటి, తొడకొకటి చొప్పున రెండు. దానికి ముందు బరువు, జ్వరం ఉందా లేదా అడగడం, కార్డు చూడడం. తర్వాత ఏ టీకా వేశామో, జ్వరం వస్తే ఏం చేయాలో, మళ్లీ ఎప్పుడు రావాలో, కార్డు ఎందుకు దాచుకోవాలో తల్లికి చెప్పడం. కోయ తల్లికి తెలుగు సగమే అర్థమవుతుంది, ఆశా మళ్లీ చెబుతుంది. అరగంట కూర్చోబెట్టాలి. వేసిన ప్రతి సూదీ కార్డులో రాయాలి, రిజిస్టర్లో రాయాలి, సిగ్నల్ ఉన్న గుట్ట మీదికి వచ్చాక ట్యాబ్‌లో ఎక్కించాలి. బిడ్డకి పావుగంట అనుకో. ఆరుగురికి గంటన్నర. రాకపోకలు నాలుగైదు గంటలు. ఆ భాగహారం వేసేవాళ్లు గంటన్నరే చూస్తారు, నడక చూడరు.

ఇక ఎంఆర్ సీసా. దాంట్లో ఉండేది ఒక్క బిడ్డకి సరిపడే మందు కాదు, కలిపాక నాలుగు గంటలు దాటితే పారేయాల్సిందే. ఒక్కడి కోసం సీసా విప్పితే వేస్టేజ్ ఎక్కువైందని అడుగుతారేమో అన్న భయంతో "వచ్చే నెల వేద్దాంలే" అనేవాళ్లని చూశాను. ఒక్క బిడ్డ ఉన్నా సీసా విప్పమనే మనకి చెప్పింది. ఈ ఒక్క విషయంలో ఎవరికీ భయపడకు.

టీకా రోజులు పోగా మిగిలిన రోజులు ఖాళీ అనుకునేరు ఎవరైనా. గర్భిణుల చెకప్‌లు, 9వ తారీఖున వాళ్లని డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లడం, ముప్పై దాటిన వాళ్లకి బీపీ, షుగరు, కళ్లె పరీక్షలు, జ్వరాల సర్వే, కుటుంబ నియంత్రణ, నులిపురుగుల మాత్రలు. పిల్లల నర్సు అని ప్రత్యేకంగా ఒకరు మన ఊళ్లల్లో ఎక్కడున్నారు? అన్నింటికీ ఆ ఒక్క నర్సమ్మే.

ఇప్పుడు నాకు సిగ్గనిపించే మాట ఒకటి చెబుతాను. నాకూ ఒకప్పుడు రెండు సెంటర్లు ఉండేవి. ఒకదాని పరిధిలో ఇటుక బట్టీలు. ఒడిశా నుంచి వచ్చిన కుటుంబాలు, పిల్లలు చాలామంది. మార్చి ఆఖరు, టార్గెట్ నెల. నేను బట్టీకి వెళ్లేసరికి సగం గుడిసెలు ఖాళీ, పని తగ్గి ఇంటికెళ్లిపోయారు. నా దగ్గర పేర్లున్నాయి, రిజిస్టర్ ఉంది. బూస్టర్ గడుల్లో టిక్కులు పెట్టేశాను. పదకొండు టిక్కులు. ఆ నెల మీటింగ్‌లో నా సెంటర్ పేరు చదివి చప్పట్లు కొట్టించారు. ఆ తర్వాత రెండో మనిషిని ఇమ్మని అడిగితే ఏమన్నారో తెలుసా? "ఒక్కదానివే ఇంత బాగా చేస్తున్నావు కదమ్మా, ఇంకొకరెందుకు?" రెండేళ్లు ఎవర్నీ ఇవ్వలేదు. ఆ పదకొండు టిక్కులతో పోస్టు అడిగే దారిని నేనే మూసుకున్నాను. ఆ పిల్లలకి బూస్టర్ ఎక్కడైనా పడిందో లేదో ఇప్పటికీ తెలియదు.

నీ దగ్గర ఆ తట్టు కేసు బయటికి వచ్చిందంటే నువ్వు గడి ఖాళీగా ఉంచావన్నమాట. అలాగే ఉంచు. పక్క సెంటర్లో టీకాలు 98 శాతం వేసినట్టు కనబడితే ఆ పోస్టు ఏ అధికారీ నింపడు.

రాసివ్వడం గురించి. మీ ఆయన భయం ఉత్తిది కాదు. "పని ఎక్కువైంది, నా వల్ల కాదు" అని ఒంటరిగా పేరు పెట్టి రాస్తే నొచ్చుకునే వాళ్లుంటారు. అందుకని ఫిర్యాదులా రాయకు. మైక్రోప్లాన్ అని, ఏ రోజు ఏ గూడెంలో టీకాలో రాసే ప్రణాళిక ఒకటి నీ చేతిలోనే ఉంది, అది ప్రభుత్వం నిన్ను రాయమన్న కాగితం. ఈసారి దాన్ని నిజంగా రాయి. పద్నాలుగు గూడేల పేర్లు, ఒక్కోదానికి సెంటర్ నుంచి దూరం, ఎంత దాకా బండి పోతుంది, ఎంత నడక, వానాకాలం ఏది తెగిపోతుంది, ఏడాదిలోపు పిల్లలెంతమంది. గొత్తికోయ గుంపుల పిల్లల్ని కూడా తల లెక్కబెట్టి వేరే వరసలో పెట్టు. ఆధార్ లేకపోతే లేకపోయింది, బిడ్డ ఉన్నాడు కదా. దాని మీద నాలుగు ముక్కల కవరింగ్ లెటర్:

"మెడికల్ ఆఫీసర్ గారికి. నా పరిధిలో ఇన్‌చార్జి సెంటర్‌తో కలిపి 14 టీకా కేంద్రాలు ఉన్నాయి. నెలలో టీకా రోజులు 8. ఈ నెల కింద రాసిన 6 గూడేలకి నేను చేరలేను. ఆ 6 చోట్ల ఎవరిని, ఏ రోజున పంపాలో తమరి ఆదేశం కోరుతున్నాను."

అంతే. ఇందులో ఫిర్యాదు ఒక్క ముక్క లేదు. ఆదేశం అడుగుతున్నావు. ఇప్పుడు ఆ ఆరు గూడేల సంగతి తేల్చాల్సింది ఆయన. రెండు కాపీలు తీసుకెళ్లి, ఒకదాని మీద ఇన్‌వర్డ్ నంబరు, తారీఖు వేయించుకుని ఇంట్లో దాచుకో. ప్రతి నెలా ఇవ్వు. వచ్చేసారి మీటింగ్‌లో నిలబెడితే ఆ కాగితం తీసి చదువు, గొంతు పెంచకు. మీ పీహెచ్‌సీలో ఇన్‌చార్జి మోస్తున్న ఏఎన్ఎం నువ్వొక్కదానివే అయ్యుండవు. ఇద్దరు ముగ్గురు ఒకే రోజు, ఒకే నమూనాలో ఇస్తే ఒక్కరి మీద కన్ను పడదు. మీ సూపర్‌వైజర్‌కి ముందే చూపించు. ఆరుగురు ఏఎన్ఎంలకి ఒక సూపర్‌వైజర్ అని ఆ పోస్టు పెట్టిందే ఇలాంటివి పట్టించుకోవడానికి.

ఆదేశం అడిగేటప్పుడు దారి కూడా నువ్వే చూపిస్తే పని తొందరగా అవుతుంది. డాక్టర్లకి తీరిక ఉండదు, చేతికందిన దాని మీద సంతకం పెడతారు. బుధ, శనివారాలే అన్నది అలవాటు, మైక్రోప్లాన్‌లో మంగళవారం, గురువారం కూడా కలుపుకోవచ్చు. పల్లె దవాఖానాలో ఎంఎల్‌హెచ్‌పీగా చదివొచ్చిన నర్సు ఉంటే, సెంటర్లో టీకా రోజు తనకి అప్పజెప్పి నువ్వు గూడేనికి పోవచ్చు. దూరపు మూడు గుంపులకి నెలకోసారి పీహెచ్‌సీ బండిలో స్టాఫ్ నర్సుని పంపమను. క్యారియర్‌ని వాగు దాకా చేర్చడానికి మనిషిని పెట్టమను, దానికి ఎన్‌హెచ్‌ఎం (జాతీయ ఆరోగ్య మిషన్)లో డబ్బిస్తారు. వీటిలో రెండు ఒప్పుకున్నా నీకు ఆరు రోజుల్లో మూడు తిరిగొస్తాయి.

ఖాళీ పోస్టు సంగతి మాత్రం నువ్వు అడగకు. తల్లులు అడగాలి, సర్పంచి అడగాలి. గ్రామ ఆరోగ్య, పారిశుధ్య, పోషణ కమిటీ అని ప్రతి ఊళ్లో కాగితం మీద ఒకటుంది, అందులో ఆశా ఉంటుంది. "మా సబ్ సెంటర్‌లో ఏఎన్ఎం లేక పదకొండు నెలలు" అని ఒక తీర్మానం రాసి సోమవారం ప్రజావాణిలో ఒకటి, ఐటీడీఏ (గిరిజనాభివృద్ధి సంస్థ) పీవో గారికి ఒకటి ఇస్తే దానికో నంబరు పడుతుంది. ఊళ్లో చదువుకున్న కుర్రాడెవరైనా ఉంటే సమాచార హక్కు దరఖాస్తు పెట్టమను. మండలంలో మంజూరైన ఏఎన్ఎం పోస్టులెన్ని, నిండినవి ఎన్ని, ఖాళీ ఎప్పటినుంచి అని మూడే ప్రశ్నలు. ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. దరఖాస్తు మీద నీ పేరు ఉండదు, నీ రెన్యువల్‌తో దానికి సంబంధం లేదు.

ఈలోగా అన్నీ అందరికీ చేయలేవు కాబట్టి ఎవరు ముందో నువ్వే తేల్చుకోవాలి. నన్నడిగితే, ఒక్క టీకా కూడా పడని పిల్లలు ముందు. తర్వాత తొమ్మిది నెలలు నిండిన వాళ్లు. తక్కువ బరువుతో పుట్టిన పసివాళ్ల ఇంటికి ఆశాని 42 రోజుల్లోపు ఆ ఆరుసార్లు తప్పకుండా పంపు, ఆమె ఫోన్ చేస్తే ఆ రోజు ఇంకేదున్నా పక్కన పెట్టు. పత్తికి, మిరపకి పోయే కుటుంబాలకి మాత్రం పగలు వెళ్లి లాభం లేదు. వాళ్లు బయల్దేరే ముందు వారం ఏదో ఆశాకి తెలుస్తుంది, ఆ వారం వెళ్లు. కార్డు మూటలో పెట్టుకుని వెళ్లమను, అక్కడి నర్సమ్మ అదే చూసి వేస్తుంది. ఒకే సమాచారాన్ని మూడు రిజిస్టర్లలో రాస్తున్నావేమో చూసుకో. నేనైతే మూడోదాన్ని చివరి పదేళ్లు రాయలేదు, ఎవరూ అడగలేదు కూడా.

మానేయడం గురించి. మానేయొద్దని నేను అనను. నిద్ర పట్టకపోవడం చిన్న విషయం కాదు, ఇంకో నెల ఇలాగే ఉంటే మీ పీహెచ్‌సీ బయట ఒక డాక్టరుకి చూపించుకో. కానీ రాజీనామా రాసేముందు ఒక లెక్క చూసుకో. 2023లో తెలంగాణ వైద్య నియామకాల బోర్డు వేసిన ఏఎన్ఎం నోటిఫికేషన్‌లో రాతపరీక్షకే కాదు, కాంట్రాక్టు సర్వీసుకీ మార్కులిచ్చారు. ఏజెన్సీలో చేసిన కాలానికి మైదానం కంటే ఎక్కువ వేశారు. అలాంటిదే మళ్లీ వస్తే ఎనిమిదేళ్ల నీ నడకకి ఆ సర్వీసు మార్కుల్లో పెద్ద వాటా వస్తుంది. సర్వీసు సర్టిఫికెట్ చేతికి రాకుండా, మీటింగ్‌లో ఎవరో ఒక మాట అన్నారని వదిలేసి రాకు. పుస్తకం మళ్లీ తెరువు, రోజుకి గంట చాలు.

ఇంకొకటి. ఈ బుధవారం ఆ గూడేనికే వెళ్లు. మైక్రోప్లాన్‌లో లేకపోయినా సరే, డాక్టరుగారికి ఫోన్‌లో చెప్పి వెళ్లు. సూది వేశాక ఆ బాబు వాళ్లమ్మ దగ్గర ఐదు నిమిషాలు కూర్చో. వాగు గురించి, పోస్టు ఖాళీ గురించి ఆమెకి చెప్పు, దాచడానికేముంది. తీర్మానం మీద మొదటి వేలిముద్ర ఆమెదే పడాలి. కవరింగ్ లెటర్ మీద ఇన్‌వర్డ్ నంబరు పడ్డాక నాకు మళ్లీ రాయి.